ఒక్కసారే తొక్కండి

మగవాళ్లు కారు బ్రేకు పరీక్ష చేసే పద్ధతి ఒకటుంది. తలుపు తీసి కూర్చుని, సీటు వెనక్కి జరుపుకుని, పెడల్‌ని టపటపా రెండు మూడుసార్లు తొక్కుతారు. తర్వాత ఒకసారి గట్టిగా తొక్కి పట్టుకుని, నాడి చూసే వైద్యుడిలా కళ్లు అరమూసి, "బాగానే ఉందే" అంటారు. పోయిన వానాకాలం నా కారు బ్రేకుని ఈ విధంగా పరీక్షించని మగవాడు మా అపార్ట్‌మెంట్‌లో లేడు. చివరికి వాచ్‌మన్ కూడా చూశాడు. అతనికి సైకిల్ తప్ప ఏదీ నడపడం రాదు. అయినా టపటపా తొక్కి, బాగానే ఉందన్నాడు.

నేను పంజాగుట్టలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. పిల్లలు ఫిజిక్సు రికార్డులు పూర్తి చేసుకోవడానికి కాలేజీవారు దయతో కేటాయించిన పీరియడ్ నాది. ఇల్లు అమీర్‌పేటలో, హాస్టళ్లూ టిఫిన్ బళ్లూ కోచింగ్ సెంటర్లూ ఒకదాన్నొకటి తోసుకునే సందులో. ఆ సందులోంచి పొద్దున్నపూట కారు బయటికి తీయగలిగినవాళ్లకి వేరే లైసెన్సు అక్కర్లేదని నా అభిప్రాయం. పాతికేళ్లుగా నేను ఆ పని చేస్తున్నాను. మొదట పెట్రోలు కారు, నాలుగేళ్ల నుంచి కరెంటు కారు.

మా ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కాలువలు తవ్వించినవాడికి లోకంలో ప్రతి యంత్రమూ దానంతటదే అర్థమైపోతుందని ఆయన నమ్మకం. కరెంటు కారు కొన్న కొత్తలో ఆయన ఉపన్యాసం వినని బంధువు లేడు. దీనికి సర్వీసింగంటూ ఏముందండీ, ఇంజనాయిల్ లేదు, క్లచ్ లేదు, గేర్లు లేవు, ఇంట్లో ఫ్యానుకీ దీనికీ తేడా లేదు అనేవారు. ఇంట్లో ఫ్యాను ఆగిపోతే ఎలక్ట్రీషియన్ని పిలిచేది నేనే, అది వేరే సంగతి.

ఫ్యానుకీ దీనికీ ఒక తేడా ఉంది. ఈ కారులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదించేటప్పుడు పుట్టే కరెంటుని మళ్లీ బ్యాటరీలోనే వేసుకుంటుంది. దాంతో బ్రేకు తొక్కే అవసరం సగానికి సగం తప్పుతుంది. నాలుగేళ్లలో నా కాలు ఆ సుఖానికి అలవాటుపడింది.

వానలు మొదలైన రోజుల్లో మా పిన్ని కూతురి పెళ్లికి రాజమండ్రి వెళ్లి వచ్చాను. వచ్చిన మర్నాడు పొద్దున్నే అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది, సోమాజిగూడలో ఫిజియోథెరపీ. అక్కడ దింపి నేను కాలేజీకి పోతాను. మా ఆడపడుచు ఇల్లు ఆ పక్కనే కాబట్టి మధ్యాహ్నం దాకా ఆవిడ అక్కడే ఉంటారు, తిరిగొచ్చేటప్పుడు తీసుకొస్తాను.

పంజాగుట్ట క్రాస్‌రోడ్స్‌లో ఎర్ర లైటు పడింది. ముందు ఆటో ఆగింది. నేను కాలు తీశాను. కారు నెమ్మదించలేదు. బ్రేకు తొక్కాను. తడి స్పాంజి మీద కాలేసినట్టు పెడల్ మెత్తగా లోపలికి పోయింది, పోతూనే ఉంది. కంగారుగా కాలెత్తి మళ్లీ తొక్కితే అప్పుడు గట్టిగా పట్టుకుంది. ఈలోపు నా బంపరు వెళ్లి ఆటో వెనకభాగానికి తగిలింది. ఆటో అతను దిగి వచ్చి, "ఏందమ్మా, గింత పెద్ద ఆటో కండ్లకు కనవడ్తలేదా?" అన్నాడు. పక్కన తలుపు పిడి పట్టుకుని రామరామ అంటున్న పెద్దావిణ్ని చూసి ఇంకేమీ అనకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన కిందికి దిగి టపటపా తొక్కారు. బాగానే ఉందే అన్నారు. నేను ఊరుకోకపోతే తాళం తీసుకుని బల్కంపేట వైపు ఒక రౌండు తిప్పి వచ్చారు. వచ్చి, తాళం గోడకున్న మేకుకి తగిలిస్తూ, "ఆడలేక మద్దెలోడన్నదట" అన్నారు.

తెలుగు లెక్చరర్‌కి సామెత చెబుతున్నారు.

ఆ తర్వాత వారాల పాటు నా గురించి నాకే తెలియని విషయాలు చాలా తెలిశాయి. నా చెప్పుల మడమ ఎత్తట. నేను సీటు మరీ ముందుకి జరుపుకుంటానట. యాభై దాటాక ఆడవాళ్లలో చురుకుదనం తగ్గుతుందట. ఈ ఆఖరి ముక్క చెప్పినాయన మా పై అంతస్తులో ఉంటారు. ఆయన కారు మా సెల్లార్‌లో ఒక స్తంభాన్ని ఎన్నిసార్లు గీకిందో ఆ స్తంభాన్ని చూస్తే తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో కరెంటు కార్లు ఎలా నడపాలో వీడియో పెట్టి, ప్రత్యేకంగా నా పేరు తగిలించారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కాలేదు.

ఒకరోజు కాలేజీ అయ్యాక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. అక్కడ కస్టమర్లతో మాట్లాడ్డానికి ఒక అడ్వైజర్ ఉంటాడు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, ముఖాన ఓర్పు. నేను చెప్పిందంతా విని, రీజెన్ అంటే ఏంటో తెలుసా మేడమ్, ఈవీలకి కొత్తవాళ్లందరూ ఇలాగే భయపడతారు అన్నాడు. కాలు తీస్తే కారు నెమ్మదించే ఏర్పాటుకి వాళ్ల పేరు అది. నాలుగేళ్లుగా నడుపుతున్నానని చెప్పాను. అయితే ఇంకా అలవాటు కాలేదేమో మేడమ్ అన్నాడు. తర్వాత కారులో కూర్చుని టపటపా తొక్కి, వాళ్ల ఆవరణ చుట్టూ తిప్పి, లోపమేమీ కనపడలేదని చెప్పాడు. కారు మాత్రం కడిగించి ఇచ్చాడు. వాళ్లకి తెలిసిన వైద్యం అదొక్కటే అనుకుంటాను.

పొద్దున్నపూట మళ్లీ జరిగింది. మళ్లీ పంజాగుట్టలోనే. ఈసారి ముందు బస్సు. తగల్లేదు గానీ కండక్టర్ కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను చూశాడు. అత్తగారు ఈమధ్య కారెక్కగానే విష్ణు సహస్రనామం మొదలుపెట్టి ఫ్లైఓవర్ దిగేదాకా ఆపడం లేదు. మీరు చూశారుగా, కారు జారిందని మీ అబ్బాయికి చెప్పండి అని అడిగాను. "నాకేం తెలుసమ్మా కార్ల సంగతి" అన్నారు. కొడుకు మాటకి ఎదురు చెప్పడం ఆవిడ అలవాటులో లేదు.

ఆ ఆదివారం మా ఆడపడుచు వచ్చింది. భోజనాలయ్యాక ముగ్గురూ నన్ను కూర్చోబెట్టారు. నాకోసమే మాట్లాడుతున్నట్టు మెల్లగా మాట్లాడారు. బోరబండ నుంచి ఒక డ్రైవర్ ఉన్నాడట, నమ్మకస్తుడట, పొద్దున్నే వచ్చి అత్తగారిని దింపి, నన్ను దింపి, సాయంత్రం తీసుకొస్తాడట. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి రమ్మని మా ఆయన అతనికి అప్పటికే చెప్పేశారు. "నీకు విశ్రాంతి కదా" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు. ఆ ఇంట్లో వంటిల్లు అందరిదీ, హాలు టీవీది, పడగ్గది ఆయన గురకది. నాదంటూ ఒక చోటు ఉందంటే అది ఆ డ్రైవర్ సీటే. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి ఎంత దూరమని, కానీ ఆ కాసేపూ నన్ను ఎవరూ ఏమీ అడగరు. లోపం కారులో ఉందని ఆ సోమవారంలోగా చూపించలేకపోతే అది నాలో ఉన్నట్టే లెక్క. ఆ తర్వాత తాళం నా చేతికి రాదు. ఇలాంటివి ఒకసారి పోతే మళ్లీ వచ్చిన ఆడదాన్ని నేను చూడలేదు.

ఇంకా అసహ్యమైన సంగతి, నా కాలి మీద నాకే అనుమానం మొదలైంది. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ బల్ల కాలుని మడమతో తొక్కి చూసుకునేదాన్ని, సరిగ్గానే తొక్కుతున్నానా అని. పదిమంది మేకని కుక్క అంటే కుక్కే అనుకునే మనిషిని చూసి నవ్వుతాం. ఆ మనిషి ఎందుకలా అనుకున్నాడో నాకప్పుడు తెలిసింది.

ఆ వారంలోనే ఒక రాత్రి వానకి సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ ట్రిప్పయింది. పొద్దున చూస్తే బ్యాటరీ ముప్పావు కూడా లేదు. తిట్టుకుంటూనే బయల్దేరాను. విచిత్రం, పంజాగుట్టలో కాలు తీయగానే కారు బుద్ధిగా నెమ్మదించింది. బ్రేకు ఊరికే ఆనిస్తే ఆగింది. అదే దారి, అదే వేళ, అదే కాలు, అవే చెప్పులు.

పెరుగు తోడుకోకపోతే మనం ఏం చేస్తాం? ఒకరోజు పాలు మార్చి చూస్తాం, ఒకరోజు తోడు మార్చి చూస్తాం. రెండూ ఒకేసారి మార్చితే ఏది పాడో తెలియదు. ఈపాటి తెలివికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. మర్నాడు ఫుల్ చార్జింగ్ పెట్టాను. జారింది. ఆ మర్నాడు కొంచెం తక్కువ పెట్టాను. జారలేదు. మళ్లీ ఫుల్ పెట్టాను. జారింది. ఈసారి డాష్‌బోర్డు కేసి చూస్తే, బ్యాటరీ నిండుగా ఉంది కాబట్టి రీజెన్ పనిచేయదని చిన్న అక్షరాల్లో వచ్చి పోయింది. కొన్నప్పటి నుంచీ వస్తున్న సందేశమే. పాల ప్యాకెట్ మీది అక్షరాల్లా ఎప్పుడూ పట్టించుకోలేదు. బ్రేకు సరిగ్గా పట్టినన్నాళ్లూ ఆ తేడా తెలిసేది కాదు.

అప్పుడు అంతా తేటపడింది. నిండిన బిందెలో ఇంకా నీళ్లు పోయలేం కదా. బ్యాటరీ నిండా ఉంటే ఆ కరెంటు వేసుకోవడానికి చోటుండదు, అందుకని కారు తనంతట తాను నెమ్మదించదు. ఆపే భారమంతా అసలు బ్రేకుల మీద పడుతుంది. ఆ అసలు బ్రేకు మొదటి తొక్కుకి పట్టడం లేదు, రెండో తొక్కుకి పడుతోంది. మిగతా వేళల్లో ఆ లోపాన్ని రీజెన్ కప్పిపుచ్చుతోంది. సాయంత్రానికి బ్యాటరీలో కాస్త చోటు ఏర్పడుతుంది, అప్పుడు పరీక్ష చేసినవాళ్లకి అందుకే దొరకలేదు. ఇక పార్కింగ్‌లో కూర్చుని టపటపా తొక్కిన మహానుభావులున్నారే, వాళ్ల మొదటి తొక్కే లోపలికి పోయింది. దాన్ని వాళ్లు లెక్కలోకే తీసుకోలేదు. పాత అంబాసిడర్ల కాలంలో ఎవరో నేర్పిన అలవాటు, రెండుసార్లు కొట్టి మూడోసారి చూడు అని. సిగ్నల్ దగ్గర ముందున్న ఆటో మనకి మూడో అవకాశం ఇవ్వదు.

శనివారం పొద్దున్నే ఫుల్ చార్జింగ్‌తో సర్వీస్ సెంటర్‌కి బయల్దేరాను. దగ్గరే కాబట్టి చార్జింగ్ పెద్దగా దిగదు. మా ఆయన తానూ వస్తానన్నారు. వాళ్లతో టెక్నికల్‌గా మాట్లాడాలి, నీవల్ల కాదన్నారు. వెనక సీట్లో కూర్చున్నారు.

అదే అడ్వైజర్. నన్ను చూడగానే అతని ముఖాన ఓర్పు వచ్చి కూర్చుంది. చార్జింగ్ సంగతీ రీజెన్ సంగతీ చెప్పాను. మా ఆయన వెనకనుంచి, ఆవిడ యూట్యూబ్ చూసిందండీ అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను దిగి పక్క సీట్లోకి మారి, అతన్ని నడపమన్నాను. కూర్చోగానే అలవాటు కొద్దీ కాలు టపటపలాడించబోయాడు.

"ఒక్కసారే తొక్కండి," అన్నాను. "అది కూడా ఇక్కడ కాదు, కారు కదిలాక. కాలెత్తి రెండోసారి తొక్కారో, మీ మేనేజర్ గదికే వస్తాను."

వాళ్ల సర్వీస్ బే పై అంతస్తులో ఉంటుంది. అక్కడినుంచి ర్యాంపు మీదుగా కిందికి దిగితే కొత్త కార్లు డెలివరీ ఇచ్చే చోటు. ఆ రోజు అక్కడ ఒక కొత్త తెల్లకారు, బంతిపూల దండ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ కుటుంబం. మా అడ్వైజర్ ధీమాగా ర్యాంపు దిగుతూ కాలు తీశాడు. కారు నెమ్మదించలేదు. అతని భుజాలు బిగుసుకోవడం చూశాను. బ్రేకు తొక్కాడు. పెడల్ లోపలికి పోయింది. నేనన్న మాట మర్చిపోయి కాలెత్తి మళ్లీ తొక్కాడు. కొత్తకారు దండలోని బంతిపూలు మా అద్దంలోంచి ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించేంత దగ్గరకి వెళ్లి ఆగాం. కొబ్బరికాయ పట్టుకున్నాయన దాన్ని కింద పడేశాడు. అది పగిలింది కూడా.

అడ్వైజర్ కాసేపు స్టీరింగ్ వదల్లేదు. రీజెన్‌కి అలవాటు పడాలేమో అన్నాను. అనాల్సింది కాదేమో గానీ, ఆ మాట అనడానికి నేను చాలా రోజులు ఎదురుచూశాను.

కారుని లిఫ్టు మీదికి ఎక్కించారు. టెక్నీషియన్ ఒకతను చక్రాలు విప్పి లైటు వేసి చూశాడు. ప్రతి చక్రం దగ్గరా బ్రేకాయిల్ వదలడానికి చిన్న నిప్పల్ ఉంటుంది, దాని మీద రబ్బరు టోపీ. మా కారులో ఒక టోపీ లేనే లేదు. మిగతావాటి మీద పానా జారిన గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. "గీ నిప్పల్స్ ఎవలో బయట ఇప్పిన్రు మేడమ్," అన్నాడతను. "ఆయిల్ మార్చిన్రు. గాలి లోపల్నే ఉండిపోయింది."

నేను బయట ఎక్కడా చూపించలేదన్నాను. అడ్వైజర్‌కి మళ్లీ ప్రాణం వచ్చింది. బయట విప్పితే వారంటీ వర్తించదు మేడమ్, ఇంక దీనికి మా బాధ్యత లేదు అని మొదలుపెట్టాడు. నేను మళ్లీ లేదన్నాను. మా ఆయన ఫోనులో ఏదో చూసుకుంటున్నారు. ప్రతి విషయంలో అభిప్రాయం ఉన్న మనిషి అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను పెళ్లయ్యాక ఎన్నడూ చూడలేదు. కానీ వారంటీ మాట వచ్చేసరికి ఆయనలోని ఇంజనీరు ఆగలేకపోయారు.

"ఎలా వర్తించదండీ? బ్రేకాయిల్ ఒక్కటే కదా మార్పించింది. ఇంకేమీ ముట్టుకోలేదే," అన్నారు.

తర్వాత ఆయనే నాలుక కరుచుకున్నారు. అప్పటికే అందరం ఆయన వైపు చూస్తున్నాం.

నేను రాజమండ్రిలో పెళ్లిభోజనం చేస్తున్న రోజుల్లో సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చిందట, నాలుగేళ్లయింది, బ్రేకాయిల్ మార్చాలని. కరెంటు కారుకి ఆయిలేంటి, మోసం అనుకున్నారట. తర్వాత మాన్యువల్ చూస్తే నిజమేనని తేలింది. అయినా వాళ్ల దగ్గరికి వెళ్తే ఓడిపోయినట్టని, పెట్రోలు కారు రోజుల నాటి తన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. ఎర్రగడ్డలో. ఈ ఊళ్లో ఎవరికన్నా మతి పోయిందంటే ఎర్రగడ్డ తీసుకెళ్లమంటారు. మా ఆయన తనంతట తానే వెళ్లొచ్చారు. అక్కడ ఆ మెకానిక్ పాత పద్ధతిలో ఒకరి చేత పెడల్ కొట్టిస్తూ తాను నిప్పల్ విప్పి ఆయిల్ మార్చాడు. ఈ కారుకి కంప్యూటర్ తగిలించి, లోపలి పంపుని తిప్పుతూ గాలి తీయాలట. అది చేయలేదు. అందుకే ఆ గాలి పంపులోనే దాక్కుంది.

వాళ్లు కంప్యూటర్ తగిలించారు. బానెట్ కింద ఏదో బుయ్యిమంటుంటే పారదర్శకమైన గొట్టంలోంచి ఆయిలూ దాంతోపాటు బుడగలూ వచ్చాయి. ఆ బుడగల్ని నేను తృప్తిగా చూశాను. ఇన్నాళ్లూ నా వయసనీ నా చెప్పులనీ నా భయమనీ పేరు పెట్టింది వాటికే. బుడగలు రావడం ఆగిపోయాక నన్ను కూర్చోమన్నారు. ఒక్కసారి తొక్కాను. పెడల్ కొంచెం దిగి గట్టిగా నిలబడింది. ర్యాంపు మీద కూడా ఒక్క తొక్కుకే ఆగింది. అడ్వైజర్ సారీ మేడమ్ అన్నాడు. కారు కడిగించమంటారా అని కూడా అడిగాడు.

ఇంటికొస్తుంటే అమీర్‌పేట మెట్రో కింద ట్రాఫిక్ ఆగిపోయింది. మా ఆయన ఈసారి పక్క సీట్లో కూర్చున్నారు. నేను ఏమీ అడగలేదు. అడగకపోతేనే ఆయనకి ఇబ్బంది, ఆ సంగతి నాకు తెలుసు.

"నువ్వు చెప్పిన రోజే నాకు తెలిసింది," అన్నారు చివరికి. "బల్కంపేట వైపు తిప్పినప్పుడు నాకూ మెత్తగానే తగిలింది."

ముందున్న బస్సు మూరెడు కదిలితే, నేనూ కదిలించి ఒక్క తొక్కుకే ఆపాను.

"బయట చేయించానని తెలిస్తే నువ్వు ఊరుకోవు. మెల్లగా మళ్లీ ఎర్రగడ్డ తీసుకెళ్లి సరిచేయిద్దామనుకున్నాను. ఈలోగా నీకేమన్నా అవుతుందని భయం. అందుకే డ్రైవర్‌ని పెడదామన్నది."

ఇంత ప్రేమ ఉందని నాకు తెలియదు. నన్ను ఆ సీట్లోంచి దింపి, బ్రేకు పట్టని కారుని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చేతికి ఇద్దామనుకున్నారు, అతనికి ఒక్క మాట చెప్పకుండా. తన పరువు కోసం నా కాలిని ఊరందరి ముందూ పెట్టారు, ఆ తర్వాత ఆ మనిషి ప్రాణాన్నీ పెట్టేవారు. నాకు అసహ్యం వేసింది. ఇన్నేళ్ల కాపురంలో కోపం చాలాసార్లు వచ్చింది గానీ, అసహ్యం అదే మొదటిసారి. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన అద్దం దించుకుని బయటికి చూశారు.

డ్రైవర్‌కి వద్దని చెప్పమన్నాను. సరేనన్నారు, చెప్పలేదు. సోమవారం పొద్దున తలుపు తీస్తే అతను నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవర్లో లైసెన్సు. లోపల అత్తగారు ఫిజియోథెరపీకి తయారై, కుర్చీలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నారు. మా ఆయన తలుపు దాకా వచ్చి, "మేడమే నడుపుతానంటోందయ్యా. చెబితే వినదు," అన్నారు.

అతను నా వైపు చూశాడు. "బండిల ఏమన్న ఖరాబ్ ఉన్నదా అమ్మా?" అని అడిగాడు.

ఇన్ని వారాల్లో మొదట బండి గురించి అడిగిన మగవాడు అతనొక్కడే. చెప్పకుండా ఎలా ఉంటాను? "బ్రేకు ఖరాబయ్యింది. శనివారమే బాగుచేయించాను. మీకు మాత్రం చెప్పకుండానే తాళం ఇద్దామనుకున్నారు," అన్నాను.

అతను మా ఆయన ముఖంలోకి చూశాడు. "పిల్లలున్నోన్ని సార్," అన్నాడు. కోపం లేకుండానే అన్నాడు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. పిలిపించినందుకు బస్సు చార్జీలు ఇద్దామని వెనకే నాలుగు మెట్లు దిగాను గానీ అతను అందలేదు.

తిరిగొచ్చేసరికి అత్తగారు ఒక చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండా కూర్చుని ఉన్నారు. కొడుకునే చూస్తున్నారు.

"ఆ కారులో నేనూ ఉండేదాన్ని కదరా," అన్నారు.

మా ఆయన కింద మోకాళ్ల మీద కూర్చుని ఆవిడకి రెండో చెప్పు తొడగబోయారు. ఆవిడ కాలు వెనక్కి తీసుకున్నారు.